కిటికీ పక్క బల్ల తిరిగి ఇప్పించుట, తడిగుడ్డ వాడకం ఆపించుట గురించి

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బజారు మూల మీది విదేశీ తిండి కంపెనీవారు ఇచ్చి తప్పిన మాట గురించి, పడమటి కిటికీ పక్క బల్లను టైపిస్టు గారికి తిరిగి ఇప్పించుట గురించి, సదరు కంపెనీ లీజు పొడిగించక మునుపే విచారించుట గురించి.

సూచిక: ఒప్పందం, ఏడవ షరతు (తమ కార్యాలయంలో వెతికించితిని, దొరకలేదు).

మనవి చేసుకొనునది ఏమనగా, పదకొండేళ్ళ కిందట తమరు ఇప్పుడు కూర్చున్న కుర్చీ ఎదుటే ఒక మాట ఇవ్వబడింది. పాత కాఫీ హోటల్ పడగొట్టి కంపెనీవారు ఆ చోట తమ దుకాణం కట్టుకోవచ్చు. కాని పడమటి కిటికీ పక్క బల్ల ఒకటి ఊరివారికి వదిలిపెట్టాలి. అక్కడ కూర్చున్న మనిషిని ఏం తింటావని అడగకూడదు, ఎప్పుడు లేస్తావని అడగకూడదు. ఇదే ఏడవ షరతు.

ఆ బల్ల ఎవరి కోసమో ఊరందరికీ తెలుసు. టైపిస్టు గారు పాత హోటల్లో ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చుని జనానికి అర్జీలు కొట్టిపెట్టారు. తమ బీరువాల్లో ఉన్న పాత అర్జీల్లో సగం ఆయన వేళ్ళ కింద నుంచి వచ్చినవే. ఆ ఒప్పందం టైపు చేసిందీ ఆయనే. ఏడవ షరతు దగ్గరికి రాగానే రిబ్బను మార్చి మరీ కొట్టాడు, నల్లగా కనబడాలని. ఇకమీదట వాడు అని రాస్తాను. నలభై ఏళ్ళ అలవాటు, అమర్యాదగా భావించవద్దు.

1. ఏడవ షరతు అయిదు నెలలు అమలైంది. అది కంపెనీవారి మంచితనం కాదు. అంతకన్నా పెద్ద తలనొప్పులు వారికి ఉండినవి. ఇరవై దేశాల్లో చెల్లిన పద్ధతి ఈ ఊళ్ళో చెల్లలేదు. జనం వచ్చి కూర్చుని, ఎవరో ఒకరు 'ఏం కావాలండీ' అంటూ వస్తారని చూసి, ఎవరూ రాకపోయేసరికి మర్యాద తెలియని కొంప అని లేచిపోయారు. మైకులో నలభై రెండు అని పిలిస్తే, ఒక రిటైరైన హెడ్మాస్టారు నేనేమన్నా ఖైదీనా అని కౌంటర్ దగ్గర నిలదీశారు. తిన్న ట్రే ఎవరిది వారే తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వంచాలని గోడ మీద బొమ్మ వేయించారు. అత్తగారు కోడలి మొహం చూసింది, కోడలు మొగుడి మొహం చూసింది, మొగుడు పైకప్పు చూశాడు. ట్రే అక్కడే ఉండిపోయింది.

అన్నిటికన్నా పెద్ద జబ్బు కూర్చోవడం. నలుగురు కలిసి ఒక కాఫీ తీసుకుని మధ్యాహ్నం దాకా లోకాన్ని ఉద్ధరించేవారు. గట్టి కుర్చీలు వేయిస్తే ఇంటి నుంచి దిండ్లు తెచ్చుకున్నారు. పాటలు పెద్దగా పెడితే ఇంకా పెద్దగా మాట్లాడుకున్నారు.

2. అప్పుడు కంపెనీ పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. ఈ ఊరి అలవాట్లు చెప్పగల చదువుకున్నవారు ఎవరని అడిగితే, అప్పటి కమిషనర్ గారు నన్ను చూపించారు. నేను ముప్పై రెండేళ్ళు ఈ ఊరి గ్రంథాలయం నడిపాను. కప్పు కారుతోందని పంతొమ్మిది ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబివ్వని ఆ మహానుభావుడికి ఆ ఒక్క రోజు నేను గుర్తొచ్చాను.

ఆవిడ నేను చెప్పింది రాసుకుంది. ఇది తమకు చిన్న సంగతిగా తోచవచ్చు. నేను చదివినన్ని పుస్తకాలు ఈ ఊళ్ళో ఎవరూ చదవలేదు, నా మాట ఈ ఊళ్ళో ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇంట్లో మా ఆవిడ కూడా, ఉపన్యాసం అయితే గ్యాసు బండ మార్చండి అనేది. కంపెనీవారు నాకు కార్డు అచ్చు వేయించి ఇచ్చారు: స్థానిక అలవాట్ల సలహాదారు. అరవై మూడేళ్ళ వయసులో ఆ కార్డు చొక్కా జేబులోంచి సగం కనబడేలా పెట్టుకుని బజారంతా తిరిగాను. పై వాక్యం రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టినదని మనవి.

3. గ్రంథాలయం మూసే వేళ నేను ఎవరినీ పొమ్మని అనలేదు. తడిగుడ్డ తీసుకుని వాళ్ళ పక్క బల్ల తుడిచేవాణ్ణి. తర్వాత దాని పక్కది. మూడో బల్లకి వచ్చేసరికి ఎంతటి చదువరి అయినా పుస్తకం మూసేవాడు. ఈ ఊరి మనిషి తిడితే తిరగబడతాడు, బతిమాలితే ఇంకో గంట కూర్చుంటాడు, తన వల్ల ఇంకొకరి పని ఆగుతోందని తోస్తే మాత్రం లేస్తాడు. సిగ్గున్నవాణ్ణి లేపడానికి సిగ్గే చాలు. ఇది నేను ఆవిడతో అన్న మాట. ఎంత మంచి వాక్యమండీ అని ఆవిడ మెచ్చుకుని, కింద గీత గీసుకుంది.

టైపిస్టు మీద మాత్రం ఆ గుడ్డ ఎన్నడూ వాడలేదు. పని ముగించుకుని సాయంత్రం పత్రికలు చదవడానికి వచ్చేవాడు. అన్ని బల్లలూ తుడిచి వాడి ఎదురుగా కూర్చునేవాణ్ణి. అయిందా నీ తుడుపు, అనేవాడు. ఇద్దరం కలిసి తాళం వేసి ఇళ్ళకి పోయేవాళ్ళం. పాత హోటల్ పడగొట్టిన రోజున వాడు దిగులు పడితే, నీ బల్లకి నాది పూచీరా అన్నాను. కంపెనీవారి మాట ఒప్పందంలో ఉంది. నా మాట ఎందులోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

4. ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి సదరు పద్ధతిని పరీక్షించారు. నేనూ ఆవిడా కౌంటర్ దగ్గర కూర్చున్నాం. గుడ్డ పట్టుకున్న అమ్మాయి మొదటి బల్ల తుడిచింది, పక్కవాళ్ళు లేచారు. రెండో చోటా లేచారు. ఇక మిగిలింది కిటికీ వైపు. ఆ బల్ల జోలికి పోవద్దని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. అంతలో ఆవిడ నా వైపు తిరిగి, మీ ఆలోచన ఎంత బాగా పనిచేస్తోందో చూడండి, అంది. వచ్చిన మాట మింగాను. చూశాను.

వాడి ఎదురుగా ఒక ముసలమ్మ కూర్చుని, వాళ్ళ వీధికి మంచినీళ్ళు రావడం లేదని చెప్పుకుంటోంది. వాడు కొడుతున్నాడు. అమ్మాయి పక్క బల్ల తుడిచింది. మళ్ళీ అదే తుడిచింది. ముసలమ్మ తన సంచి ఒళ్ళోకి లాక్కుంది. వాడు తలెత్తి గుడ్డ వైపు చూశాడు. తర్వాత గదంతా వెతికి నన్ను చూశాడు. కాగితం సగంలోనే మిషనులోంచి తీసి ముసలమ్మ చేతికిచ్చి, మిషనుకి మూత బిగించి, రెండు చేతులా ఎత్తుకుని మా పక్కనుంచే నడిచాడు. నలభై ఏళ్ళలో నన్ను 'ఏరా గ్రంథం' అని తప్ప పిలవని మనిషి ఆగి,

"గుడ్డ మీదేనా అండీ?" అన్నాడు.

ఆవిడ గడియారం చూసి, నాలుగు నిమిషాలు అని రాసుకుంది.

5. తమరు విచారిస్తే కంపెనీవారు ఒకటే జవాబు చెబుతారు: మేము ఎవరినీ లెమ్మని అనలేదు. అది నిజం. ఏడవ షరతులో ఒక్క అక్షరం కూడా తప్పలేదు. లెమ్మనకుండా లేపడం ఎలాగో వారికి తెలియదు, నేర్పించబడింది.

అప్పటి నుంచి వాడు తపాలా ఆఫీసు మెట్ల మీద కూర్చుంటున్నాడు. మిషను ఒళ్ళో, ఎండకి వీపు. వాన పడితే మిషను మీద గొడుగు పడతాడు, తను తడుస్తాడు. నేను అటు నుంచి వెళ్ళడం మానేసి తపాలా బిళ్ళలు పక్క పేటలో కొంటున్నాను. వచ్చే వారం ఆ మెట్లకి ఇనుప గేటు పెడుతున్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఆ మిషను ఎత్తుకుని ఇంక ఎక్కడికి పోతాడు?

6. పోయిన నెల సదరు దుకాణానికి వెళ్ళాను, బల్ల ఉందో పోయిందో చూద్దామని. ఉంది. కూర్చున్నాను. ఒకమ్మాయి వచ్చి పక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారమ్మా అంటే, ట్రైనింగు పుస్తకంలో ఉంది తాతగారూ, అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతంట, అంది. తెచ్చి చూపించింది కూడా. పదిహేడో పేజీలో టోపీ పెట్టుకున్న పిల్ల, తడిగుడ్డ, లేవబోతున్న ముసలాడు. కింద నా వాక్యం. ఆ కంపెనీ మన ఊరికి బన్ను తెచ్చింది, మన ఊరి నుంచి సిగ్గు ఎగుమతి చేసుకుంది. ఏయే ఊళ్ళలో ఏయే మనుషులు నా మూలంగా కప్పు సగంలో వదిలి లేచిపోతున్నారో లెక్క తెలియదు.

నేను లేవనని కూర్చున్నాను. ఆ పిల్ల అదే బల్ల ఏడుసార్లు తుడిచింది. నీళ్ళకి నాని తెల్లబడ్డ ఆ పిల్ల వేళ్ళు చూసి లేచాను.

కావున తమరిని వేడుకొనునది:

(అ) లీజు కాగితం మీద సంతకం చేసే ముందు ఏడవ షరతు కింద ఒక్క వాక్యం చేర్చగలరు: కిటికీ బల్ల దరిదాపుల్లో గుడ్డ తీయరాదు.

(ఆ) గేటు బిగించే లోపల టైపిస్టుకి ఆ బల్ల అప్పగించగలరు. నేను ఆ దుకాణంలో అడుగు పెట్టనని రాసి ఇమ్మంటే ఇస్తాను.

(ఇ) తాను కొట్టిన ప్రతి కాగితానికీ వాడు కార్బన్ నకలు తీసి రేకు పెట్టెలో దాస్తాడు. తమ దగ్గర పోయిన ఒప్పందం అందులో ఉంటుంది. తమ బంట్రోతును పంపి అడిగించగలరు. నేను అడగలేను. లేదు పొమ్మంటాడని భయం కాదు. 'తీసుకోండి' అంటూ ఇస్తాడని భయం.

ఈ ఊళ్ళో అర్జీలన్నీ వాడే రాసేవాడు గనుక నాకు ఈ విద్య పట్టుబడలేదు. తప్పులు మన్నించి, మన్నించలేనివి అలాగే ఉంచి, చిత్తగించవలెను.

జతపరచినవి: ఒక కార్డు (స్థానిక అలవాట్ల సలహాదారు). తిరిగి పంపనక్కరలేదు.

తమ విధేయుడు,
గ్రంథం
రిటైరైన గ్రంథపాలకుడు

తాజా కలం: అర్జీ ఇవ్వబోతే, ఫారంలో 'ఫిర్యాదు ఎవరి మీద' అనే గడి ఖాళీగా ఉంటే తీసుకోనని తమ గుమస్తా అన్నాడు. కౌంటర్ దగ్గరే నిలబడి నింపాను. కంపెనీ అని రాసి కొట్టేశాను. అప్పటి కమిషనర్ అని రాసి కొట్టేశాను, కొంత అయిష్టంగానే. పై ఆఫీసు ఆవిడ అని రాశాను. ఆవిడ రాసుకుంది, అంతే. అదీ కొట్టేశాను. నాలుగోసారి రాసింది చూసి గుమస్తా, పెద్దాయనా, అర్జీదారు పేరూ ఇదీ ఒకటే అయిపోయింది, వేరే ఫారం తెచ్చుకోండి, అన్నాడు. పొరపాటు కాదని, అలాగే తీసుకోమని చెప్పి, ఈ నాలుగు ముక్కలూ కౌంటర్ దగ్గరే రాసి ఇస్తున్నాను. విచారణకు రెండు నోటీసులు దండగ. రెండు గడులకూ ఒకటే చాలు: గ్రంథం, పాత గ్రంథాలయం వెనక వీధి.