బాబాయి బ్లాకు

మే 26, సోమవారం

కొలకలూరు సరోజిని గారి అంబాసిడర్ ఇంజను ఇవాళ విప్పాం. సిలిండర్లుండే ఇనప దిమ్మ, అదే బ్లాకు, రెండో సిలిండరు పక్కన నిలువునా చీలింది. ఎప్పుడో రేడియేటర్లో నీళ్లు లేకుండా తోలారు. ఆ వేడికి పైనున్న హెడ్డు కూడా వంగిపోయింది.

మా షెడ్డు యజమాని కృష్ణకాంత్ సార్ మొదటిసారి ఒక ఇంజను మొత్తం నా చేతికిచ్చారు. ఏ బ్లాకు, ఏ హెడ్డు వెయ్యాలో నువ్వే తేల్చు నాగదుర్గా, తేడా వస్తే నీ పేరే చెప్తాను అన్నారు. చెప్పుకోండి సార్ అన్నాను. తెనాలిలో నా పేరు ఇంకెలా తెలుస్తుంది?

సరోజిని గారికి డెబ్బై దాటినా కారు ఆవిడే నడుపుతారు. పాత నంబరున్న బ్లాకునే అతికించొచ్చండి, పాత కార్ల షోలో విలువ ఉంటుంది అన్నాను. షోకి నా పట్టుచీరలున్నాయి అమ్మాయ్, కారు నాకు బాపట్ల వెళ్లి రావడానికి అన్నారు.

అయితే వేరే బ్లాకే. ఎక్కడుందో నాకు తెలుసు.

మే 27

అడవులదీవి వెళ్లాను. అంకారావు బాబాయి పాత పడవలో ఇదే రకం అంబాసిడర్ ఇంజను ఉండేది. కిరోసిన్ మీద నడిచేది. డీజిల్ ఇంజను కొన్నాక దీన్ని దించి, నూనె రాసి, వలలో చుట్టి వసారాలో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ రంగు ఇంకా మెరుస్తోంది.

వేట నిషేధం కదా, రేవంతా ఖాళీ. అంకారావు ఇంజను కారెక్కుతోందంట అని జనం వచ్చేశారు. బాబాయి అందరికీ టీలు పోయించాడు. నా పెళ్లిక్కూడా ఇంత హడావుడి లేదు అంది వెంకాయమ్మ పిన్ని.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. పది తర్వాత నాన్న చాలన్నాడు. బాబాయే దెబ్బలాడి నన్ను బాపట్లలో ఇంజనీరింగు దాకా చదివించాడు. ఆయన ఇంజనే నా మొదటి ఇంజను. ఇంతకన్నా ఏం కావాలి!

మే 29, సాయంత్రం 4

తెనాలి తెచ్చిన బాబాయి బ్లాకుకి పక్కనున్న నీళ్ల బిరడా, వాటర్ ప్లగ్గు, తీశాను. తీగ పెట్టి గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. వేలితో కొంచెం నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

నీళ్ల దారులు మూసి గాలి ఎక్కించి తొట్టిలో ముంచాం. రెండో సిలిండరు గోడలోంచి బుడగలు. పైన రంగు, లోపల సున్నం గోడలా గుల్ల. హెడ్డు మాత్రం గట్టిగా ఉంది.

మే 30

బాబాయికి ఇంకా ఫోన్ చెయ్యలేదు.

మే 31

బాపట్లలో ఇస్సాకు గారి పాత సామాన్ల షెడ్డులో ఇంకో బ్లాకు. చూడ్డానికి బురదలోంచి తీసిన గేదెలా ఉంది. కానీ కొలిచాను. సిలిండర్ల గోడలు చెక్కి వెడల్పు చేసే బోరింగ్ ఒక్కసారి కూడా పడలేదు. మంచినీళ్లు తప్ప తాగలేదు. తుప్పంతా పైదే. గాలి ఎక్కించి ముంచితే ఒక్క బుడగ రాలేదు. దీని హెడ్డు ఎప్పుడో పోయిందట.

ఇదే. నాకు అనుమానం లేదు. అనుమానం లేకపోవడమే బాధగా ఉంది.

జూన్ 1, ఆదివారం

చెప్పాను. ఫోన్లో కాదు, అడవులదీవి వెళ్లి బాబాయికే చెప్పాను. నా ఇంజనుకి ఉప్పునీళ్లు తగలనిచ్చానా అని లేచాడు. పిన్ని లోపల్నుంచి, తుఫాను వచ్చిన ఏడు మంచినీళ్ల ట్యాంకు పగిలితే ఉప్పుటేట్లోకి గొట్టం వేశావుగా అంది. ఆ ఒక్క ఏడే కదా అన్నాడు. ఆ ఒక్క ఏడే చాలు బాబాయ్ అన్నాను.

హెడ్డు బాగుంది, అది ఇవ్వమన్నాను. తలకాయ నువ్వు పట్టుకెళ్లి మొండెం నాకు వదిలేస్తావా ఇంజనీరమ్మా అన్నాడు. రేవులో వాళ్లకి ఏం చెప్పుకోవాలి, నా కూతురే కాదందని చెప్పుకోనా అన్నాడు.

నా కూతురే అన్నాడు. బస్సులో ఏడ్చాను. రేపల్లెలో కళ్లు కడుక్కున్నాను. మాట మాత్రం మార్చలేదు.

జూన్ 2

బాబాయి ఆటో పంపించి బ్లాకు, హెడ్డు రెండూ తీసుకెళ్లిపోయాడు.

జూన్ 6

వంగిన కారు హెడ్డునే లేత్ షాపులో చదును చేయిద్దామనుకుంటుంటే రేపల్లె బస్సులో పార్సిల్ వచ్చింది. వల ముక్కలో చుట్టిన హెడ్డు. చీటీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వెంటనే బిగించాలనిపించింది. అందుకే బిగించలేదు. బాబాయి అలక తీర్చడానికి ఒప్పుకుంటున్నానేమో. సార్, మీరే మళ్లీ పరీక్ష చెయ్యండి, నేను బయటికెళ్తాను అన్నాను. టీ తాగొచ్చేసరికి సార్ నవ్వుతున్నారు. ఇంజను దించే ముందే కొత్త హెడ్డు వేసినట్టున్నాడు మీ బాబాయి, ఉప్పు ముట్టలేదు అన్నారు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య కిరోసిన్ కోసం వేసిన మందపాటి గ్యాస్కెట్ రేకు తీసేసి పల్చటిది వేస్తే పెట్రోలుకి సరిపోతుంది.

బాపట్ల బ్లాకు, అడవులదీవి హెడ్డు. కాగితం మీద సంతకం పెట్టాను.

జూన్ 14

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. సరోజిని గారు బాపట్ల దాకా నడిపారు, నేను పక్కన. వేడి ముల్లు సగం దాటలేదు. అత్తగారికన్నా మెత్తగా ఉందమ్మాయ్ అన్నారు. ఇక ఇంజన్లన్నీ నీవే అన్నారు సార్.

బాబాయి రాలేదు.

జూన్ 18

నిషేధం అయిపోయి పడవలు వేటకెళ్లొచ్చాయి. బాబాయే ఫోన్ చేశాడు. ఆ బ్లాకుకి తాడు కట్టి లంగరు చేసుకున్నాడట. గాలికి పక్క పడవలు కొట్టుకుపోతే మాది జానెడు కదల్లేదట. నువ్వు ఫెయిల్ చేసినోడు సముద్రంలో ఉద్యోగం చేస్తున్నాడే, వచ్చి మార్కులు దిద్దు అన్నాడు.

దిద్దనన్నాను.

నువ్వు దిద్దవులే ఇంజనీరమ్మా అని నవ్వాడు.