దంతశుద్ధి

చోడవరం,
ఆదివారం సాయంత్రం.

మా అప్ప మరియమ్మకు తమ్ముడు దానియేలు ప్రభువు పేరిట వందనాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారో దాచకుండా రాయించు.

ఇక్కడ మంచు దిగుతోంది. బెల్లం గానుగ దగ్గర పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే పని నాది. ముందువైపు కాలుతుంది, వీపు వణుకుతుంది. చోడి అంబలి దొరకని రోజున చెరుకు ముక్కే మధ్యాహ్నం భోజనం. పనయ్యాక పలకరించే మనిషి లేడు. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. "ముందు పళ్లు రాలిపోయాయి, నా పాపమే, ఈ మొహంతో అక్కడికి వస్తే గానుగ పనిలోకి తీసుకుంటారా" అని రాయించావు. పాపమా? మన ఊరి మునసబుకి ఒక్క పన్నూ కదల్లేదు. ఆయన పరిశుద్ధుడా? పాలూ పెరుగూ తిన్నాడు, పన్ను సలిపితే బండి కట్టించుకుని విశాఖపట్నం డాక్టరు దగ్గరికి పోయాడు. నువ్వు దవడలో పొగాకు కుక్కుకుని ఊడ్పులకు పోయావు. తేడా అదీ. బావగారు ఈ ముక్క గొంతు తగ్గించి చదువుతారు. తగ్గించొద్దని చెప్పు.

ఇక్కడా అంతే. మేస్త్రీ ఆడకూలీల నోళ్లు తెరిపించి, సంతలో ఎడ్లకు చూసినట్టు పళ్లు చూస్తాడు. పళ్లు లేకపోతే ముసలిదని సగం కూలి. మోపులు మోసే చిట్టెమ్మకు నీ ఈడే.

"ఏటే, పళ్లు నేవు. ముసిలోళ్ల కాడికి పో!" అన్నాడు.

"సెరుకు పళ్లతో మొయ్యమంటావేటి, మేస్త్రీ?" అంది.

"పళ్లు నేవు గానీ నోరుంది దీనికి!" అని అందరినీ నవ్వించాడు.

పోయిన ఆదివారం ప్రార్థనలో సంఘపెద్ద (గానుగ ఆయనదే) "దేవుడు తన జనానికి దంతశుద్ధి కలగజేశాడు, మీరేమో పుల్ల నమలడానికి బద్ధకిస్తారు" అని బోధించాడు. నా చేతిలో వాక్యం తెరిచే ఉంది. లేచాను. "ఆ పక్క మాట కూడా చదవండయ్యా! అక్కడ దంతశుద్ధి అంటే కరువు. తిండి తగలక శుభ్రంగా ఉన్న పళ్లు! ఆ కరువు పంపింది దేవుడు. మీ గానుగ దగ్గర కరువు పంపిందెవరు?"

"కూకో దానియేలూ! పొయ్యికాడ మనిషివి, నీకేటి తెలుసు?" అన్నాడు సంఘపెద్ద.

వెనక నుంచి చిట్టెమ్మ అంది: "మరి మావి శుద్ధే గదేటి బాబూ! ఒక్కటీ మిగల్నేదు."

మర్నాడు మేస్త్రీ వచ్చేసరికి ఆడవాళ్లంతా పెదాలు బిగించి నిలబడ్డారు, నిండా పళ్లున్న పడుచు గుంటలతో సహా. తిట్టాడు, బతిమాలాడు. ఒక్క నోరూ తెరుచుకోలేదు. అవతల తీసిన రసం పులిసిపోతోంది. చివరికి "సావండి, అందరూ ఒకటే!" అన్నాడు. ఈ వారమంతా చిట్టెమ్మకు నిండు కూలి. వచ్చే వారం సంగతి తెలీదు. పొయ్యి పని తెలిసినవాడు దొరక్క నన్ను ఉంచారు గానీ, ప్రార్థనలో మాట్లాడొద్దన్నారు. ఇవాళా మాట్లాడాను.

కాబట్టి నువ్వు రా. కాసిని ఎండుచేపలు తే. పెద్దమ్మకూ బావగారికీ వందనాలు, నా కోసం మోకరించమను. గానుగ దగ్గర మాత్రం అందరితోపాటు నోరు బిగించి నిలబడు. ఆదివారం నా పక్కన, సంఘపెద్దకు ఎదురుగా, నోరంతా తెరిచి పాడు.

నీ దీవెన కోరే తమ్ముడు,
దానియేలు