కార్లిస్‌కి పడని ఓటు

అలబామా,
ఫిబ్రవరి 9

డార్నెల్లా అమ్మగారికి,

నేను హాస్టల్లో కార్లిస్ గదిలోనే ఉన్న అమ్మాయిని. శనివారం చర్చిలో ఆమె శవపేటిక చుట్టూ మా కాలేజీ సొరోరిటీ సంఘం అమ్మాయిలందరూ తెల్లబట్టల్లో నిలబడి మన సంఘం పాట పాడాలని మీరు రాశారు. మీరూ ఒకప్పుడు మా సంఘంలో సభ్యురాలే కనుక అడిగే హక్కు మీకుంది. కాని అమ్మా, కార్లిస్‌ని మేం చేర్చుకోలేదు. మీరు బాధపడతారని "నన్ను తీసుకున్నారమ్మా" అంటూ ఫోనులో మీకు అబద్ధం చెప్పింది.

సికిల్ సెల్ జబ్బుతో నెలకోసారి ఆసుపత్రిలో చేరే పిల్ల సంఘం వేడుకల్లో మాతో సమానంగా స్టెప్ డాన్సు చెయ్యలేదని సీనియర్ అక్కలన్నారు. ఓటింగులో వాళ్ళ మొహాలు చూసి నేను చెయ్యి ఎత్తలేదు. ఒక్క ఓటు తక్కువై ఆమె పేరు కొట్టేశారు.

ఆ సాయంత్రం కార్లిస్ నన్నడిగింది: "నువ్వైనా చెయ్యెత్తావా?"

"ఎత్తానే," అన్నాను.

"అయితే చాల్లే. ఏడవకే పిచ్చిదానా," అని నన్నే ఓదార్చింది.

నెల తిరక్కుండానే ఆ జబ్బు ఆమెను తీసుకుపోయింది.

సభ్యులు కానివాళ్ళకు ఆ పాట పాడకూడదంటున్నారు అక్కలు. నేనొక్కదాన్నే వస్తాను, మామూలు బట్టల్లో. ఇదంతా చదివాక కూడా నన్ను లోపలికి రానిస్తారా అమ్మా?