గ్యాసేనన్న మనిషికి

ఏమండీ,

మీ బీపీ మాత్ర టీ డబ్బా మూత మీద పెట్టాను, మరిచిపోకండి. నేను తమ్ముడు తాపస్‌తో ఆస్పత్రికి వెళ్తున్నాను. మెదడుకి వెళ్లే మెడ రక్తనాళం ముప్పాతిక వంతు పూడుకుపోయిందట. పక్షవాతం రాకముందే రేపు పొద్దున మెడ కోసి శుభ్రం చేస్తారు.

అందుకేనట, నా ఎడమ కంటికి మూడుసార్లు తెర దించినట్టు చీకటి కమ్మింది. మూడుసార్లూ మీరు పేపర్లోంచి తలెత్తకుండా "గ్యాసే! వామునీళ్లు తాగు" అన్నారు.

పొద్దున మాణిక్‌తలా బజారు నుంచి మురిసిపోతూ తెచ్చారే ఇలిష్ చేప, దాన్ని ఆవపెట్టి కమ్మగా వండాను. గిన్నెతో సహా కింది వాటా మొండల్ వాళ్లకి ఇచ్చేశాను. అన్నం కూడా వండలేదు.

సుతప

వామునీళ్ల సీసా మీ కంచంలోనే పెట్టాను. కడుపు నకనకలాడితే ఆకలనుకునేరు. గ్యాసే.