తాళంచెవి నువ్వే ఇవ్వాలట

గంగా, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఫోన్లో అయితే సగం మాటలు మర్చిపోతాను, అందుకే ఈ కార్డు.

మన ప్రగతి నగర్ ఫ్లాటు నిన్న కొన్నాయన పేర రిజిస్ట్రేషన్ అయిపోయింది. బ్రోకరు లేకుండా అసోసియేషన్ కాగితం దగ్గర్నుంచి వేలిముద్రల దాకా అన్నీ నేనే చూసుకున్నాను. తీరా తాళంచెవులు ఇవ్వబోతే, కొన్నాయన భార్య కిష్టమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "గిట్ల ఒట్టిగ ఇస్తరా అన్నా? వదినె వచ్చి బొట్టు పెట్టి ఇయ్యాలె. అప్పటిదాంక మీరే ఉండుండ్రి" అంది. బ్రోకరుంటే ఈ మాట ముందే చెప్పేవాడు.

సామానంతా కడపకు, నీ దగ్గరికి పంపేశాం కదా, ఇప్పుడు వాళ్లదైపోయిన ఈ ఇంట్లోనే చాప మీద పడుకుంటున్నాను. పొద్దున్నే అలవాటుగా "గంగా, టీ" అని కేకేశాను. ఖాళీ గోడలు నా కేకనే నాకు తిప్పికొట్టాయి.

కుంకుమ భరిణె ఏ పెట్టెలో ఉందో వెతికి తెచ్చుకో. బాలింత కదా, మన అమ్మాయి శ్రావణికి పథ్యం జాగ్రత్త. మనవడు రాత్రిళ్లు నిద్రపోతున్నాడా? వాడికి నా ఆశీస్సులు.

వచ్చే శుక్రవారం వాళ్లు పాలు పొంగించుకుంటారట. గురువారం నువ్వు వస్తే చాలన్నారు. నువ్వు బుధవారమే రా. ఆ ఒక్క రాత్రి మనింట్లోనే పడుకుని, పొద్దున ఇచ్చేద్దాం.

ఈశ్వరయ్య