వాడి కంచం

బుల్లెమ్మా,

నిన్న నీ ఆడపడుచు రేణు నన్ను ఇక్కడ అమెరికాలో తనుండే షామ్‌బర్గ్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న మ్యూజియంకి తీసుకెళ్లింది. నూట యాభై ఏళ్ల కిందట సరుకుతో మునిగిన తెరచాప ఓడలోని పింగాణీ కంచాలు అక్కడ పెట్టారు. అందులో పోయిన ఒక కుర్రాడి తల్లి, శవం దొరకలేదని, తను పోయేదాకా రోజూ వాడికి కంచం పెట్టిందట. రేణు చదివి చెప్పింది. "పద అమ్మా" అన్నా ఆ కంచాల ముందే నిలబడిపోయాను.

మీ ఆయన ఓడ మునిగి మూడేళ్లయింది. శవం రాకుండా నా కొడుక్కి కర్మ చేయొద్దన్నదీ, పూటపూటా వాడి కంచంలో వడ్డించమన్నదీ నేనే. నువ్వు అలాగే వడ్డిస్తూ వచ్చావు. ఆ కంచం ఎదురుగా తినలేక మధ్యలోనే లేస్తున్నావని మావయ్యగారు ఫోన్‌లో చెప్పారు.

ఇక అలిసిపోయానమ్మా. శవానికి బదులు దర్భబొమ్మ పెట్టి మావయ్యగారి చేత కర్మ చేయించు. తర్వాత ఆ కంచం కడుక్కుని, అందులో నువ్వు కడుపునిండా అన్నం తిను.