అవ్వ చేతికి చిక్కిన నీలం

ధర్మవరం, 2004 అక్టోబరు

20, బుధవారం
దసరా సెలవులకు ఇంటికొచ్చినా. శపథం! థీసిస్ మూడో అధ్యాయం ఆదివారానికల్లా పూర్తి. రోజుకు నాలుగు పేజీలు. టీవీ బంద్!

విషయం సులువే. నీలమణి పలక మీద గాలియం నైట్రైడ్ పొర పెంచుతాం. చల్లారేటప్పుడు పలక ఎక్కువ ముడుచుకుని పొరను నొక్కుతుంది. ఆ నొక్కుడుకి ఎలక్ట్రాన్లు ఎగరాల్సిన ఎత్తు పెరుగుతుంది, పొర ఇచ్చే వెలుతురు రంగు జరుగుతుంది. ఎంత నొక్కితే ఎంత జరుగుతుందో రాయాల. అంతే!

సోమవారం కొలవాల్సిన శాంపిల్, గోరంత ముక్క, వెంటే తెచ్చుకున్నా. బెంగళూరు హాస్టల్లో వదిలిరావడానికి మనసొప్పలే.

సాయంత్రం: ఒక పేరా. శుభారంభం.
అవ్వ అడిగింది, "దేని మీదమ్మే నీ చదువు?"
"నీలం మీద అవ్వా."
అయిపాయె.

21, గురువారం
సున్నా పేజీలు. తప్పు నాది కాదు. పక్కింటి మారెమ్మత్త కొడుకు జాతకం పట్టుకొచ్చింది.
"రోంత ముక్క ఇయ్యి తల్లీ. వానికి ఏలినాటి శని."
"ఇది ల్యాబులోది అత్తా. నీలంగా కూడా ఉండదు, గాజు మాదిరి ఉంటాది."
"తెల్లనీలమా! ఇంకా మంచిది!"

22, శుక్రవారం
పండగ. నా పుస్తకాలు, కాయితాలు, శాంపిల్ డబ్బీ అన్నీ అవ్వ పూజలో పెట్టేసింది. ముట్టుకోకూడదంట. సరస్వతమ్మ మాట కాదంటే చదువొస్తుందా? ఓళిగలు ఆరు తిన్నా.

23, శనివారం
డబ్బీ ఖాళీ!!
అవ్వ తాపీగా వక్క నములుతాంది. "మన సతీషుగానికి ఇంటర్వ్యూ కదా. కంసాలి ఆచారితో వాని ఉంగరంలో పెట్టిచ్చినా."
ఆచారి దగ్గరికి పరుగు. "లక్కతో అతికించినా. ఆకురాయితో రుద్దబోతే ఆకురాయే అరిగిందమ్మా! ఏం రాయమ్మా అది!"
తమ్ముడు అప్పటికే ఇంటర్వ్యూకని హిందూపురం బస్సెక్కినాడు.

24, ఆదివారం
సతీష్‌కి ఉద్యోగం వచ్చింది! ఉంగరం ఇయ్యనంటాడు.
"తీస్తే ఉద్యోగం పోతాదక్కా."
మా గైడు దానియేలు సార్ ఫోను. "శాంపిల్ ఎట్లుంది హేమావతీ?"
"కొంచెం ఒత్తిడిలో ఉంది సార్."
తర్వాత నిజం చెప్పి ఏడ్చినా. సార్ అన్నాడు, "ఆ అబ్బాయిని తీసుకురా. వేలితో సహా."

25, సోమవారం, బెంగళూరు
సార్ లేజర్ చూపించి, "వేలు ఈడ పెట్టు నాయనా. కాలితే నా పూచీ లేదు," అన్నాడు. సతీష్ క్షణంలో ఉంగరం ఊడదీసినాడు. లక్క స్పిరిట్‌లో కరిగింది. లేజర్ పడగానే పొర వెలిగింది, సరిగ్గా లెక్కలో వచ్చిన రంగులోనే! బతికిపోయినా.
"మరి అధ్యాయం ఏదమ్మా?"
శపథం! దీపావళికల్లా పూర్తి. రోజుకు రెండు పేజీలు. టీవీ బంద్!
రేపటినుంచి. ఇయ్యాల సతీష్‌కి లాల్‌బాగ్ చూపించాల.